కారు సబ్‌వూఫర్, యాంప్లిఫయర్ జోడింపు

కారులోని సంగీత వ్యవస్థలో మంద్ర ధ్వనులను మాత్రమే పలికించే పెద్ద స్పీకరును సబ్‌వూఫర్ అంటారు. దీనిని నడపడానికి కారు స్టీరియో నుండి వచ్చే సామర్థ్యం చాలదు. విడిగా ఒక యాంప్లిఫయర్ కావాలి. ఈ రెండింటినీ ఒకదానికొకటి తగినట్లు ఎంచుకొని, తీగలు కలిపి, సరిదిద్దడమే జోడింపు. ఇది కుదరాలంటే ప్రధానంగా రెండు అంకెలు కలవాలి. సబ్‌వూఫర్ ఎడతెగకుండా భరించగల వాట్లు ఎన్ని అన్నది మొదటిది. ఆ సబ్‌వూఫర్ ఇంపెడెన్స్ వద్ద యాంప్లిఫయర్ ఎడతెగకుండా ఇవ్వగల వాట్లు ఎన్ని అన్నది రెండవది. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చయ్యేవి సాధారణంగా ఈ రెండూ కావు. ఆ పెద్ద అంకెలను నమ్మి కొన్నవారికి కాయిల్ కాలడం, యాంప్లిఫయర్ పాడవడం వంటి నష్టాలు కలుగుతాయి. తీగల విషయంలో కూడా అశ్రద్ధ చేస్తే కారులో మంటలు రేగే ప్రమాదం కూడా ఉన్నది.

చరిత్ర

నేటి స్పీకర్లన్నిటికీ మూలమైన కదిలే కాయిల్ స్పీకరును 1925లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ అనే ఇంజనీర్లు రూపొందించారు. 1930లో గాల్విన్ సంస్థ మోటరోలా అనే పేరుతో కారు రేడియోను విక్రయించింది. తరువాత ఆ సంస్థ పేరే మోటరోలాగా మారింది. చిన్న పెట్టె నుండి లోతైన మంద్ర ధ్వని రాదన్న అభిప్రాయాన్ని 1954లో ఎడ్గార్ విల్చర్ తన మూసిన పెట్టె స్పీకరుతో మార్చివేశాడు. పెట్టెలోని గాలినే స్ప్రింగులా వాడుకోవడం అందులోని కిటుకు. కారు డిక్కీలో పట్టే సబ్‌వూఫర్ సాధ్యమైనది ఈ ఆలోచన వలననే.

స్పీకరుకు తగిన పెట్టెను ముందుగానే లెక్కగట్టే పద్ధతిని ఆస్ట్రేలియాకు చెందిన నెవిల్ థీల్ 1961లో ప్రచురించాడు. సిడ్నీ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసిన రిచర్డ్ స్మాల్ 1970 దశకం మొదట్లో దానిని విస్తరించాడు. సబ్‌వూఫర్‌తో వచ్చే కాగితంలో కనబడే అనునాద పౌనఃపున్యం, సమాన ఘనపరిమాణం మొదలగు అంకెలను అందుకే థీల్–స్మాల్ పరామితులు అంటారు.

వాట్ల ప్రకటనలో క్రమశిక్షణ మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. ఇంటి యాంప్లిఫయర్ల విషయంలో అమెరికా ప్రభుత్వం 1974లోనే నిబంధన తెచ్చినా, అది కార్ల యాంప్లిఫయర్లకు వర్తించలేదు. 2003లో అక్కడి వినియోగ ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ సంఘం సీఈఏ–2006 అనే స్వచ్ఛంద ప్రమాణాన్ని ప్రకటించింది. సంఘం పేరు 2015లో మారడంతో దీనిని ఇప్పుడు సీటీఏ–2006 అంటున్నారు. 14.4 వోల్టుల సరఫరా మీద, 4 ఓముల భారంతో, వక్రీకరణ 1 శాతం మించకుండా వచ్చే సామర్థ్యాన్నే దీని ప్రకారం చెప్పాలి. ఈ ప్రమాణం తప్పనిసరి కాదు. అయితే ఈ గుర్తు ఉన్న పరికరం మీది అంకెను లెక్కలకు వాడుకోవచ్చును.

సబ్‌వూఫర్ చేసే పని

మనిషి చెవి సుమారు 20 నుండి 20,000 హెర్ట్జ్‌ల వరకు వినగలదు. ఇందులో అట్టడుగున ఉన్న 20 నుండి 80 లేదా 100 హెర్ట్జ్‌ల భాగం సబ్‌వూఫర్‌ది. పౌనఃపున్యం తగ్గేకొద్దీ ఎక్కువ గాలిని కదపవలసి ఉంటుంది. అదే స్థాయి ధ్వని 40 హెర్ట్జ్‌ల వద్ద రావాలంటే 80 హెర్ట్జ్‌ల వద్ద కదిలినదానికి నాలుగు రెట్లు దూరం కోన్ కదలాలి. తలుపులో ఉండే ఆరంగుళాల స్పీకరు ఈ పని చేయలేదు. సబ్‌వూఫర్లు 8, 10, 12, 15 అంగుళాల కొలతల్లో రావడానికీ, వాటికి వందల వాట్లు అవసరం కావడానికీ కారణం ఇదే.

కారు లోపలి చోటు ఇక్కడ కొంత సాయపడుతుంది. 40 హెర్ట్జ్‌ల ధ్వని తరంగదైర్ఘ్యం సుమారు 8.6 మీటర్లు, కారు లోపలి పొడవు రెండున్నర మీటర్ల ప్రాంతంలో ఉంటుంది. తరంగదైర్ఘ్యంలో సగం కూడా పట్టని చోట తరంగం ప్రయాణించడానికి బదులు గాలి మొత్తం ఒకేసారి నొక్కబడి, వదలబడుతుంది. దీని వలన సుమారు 70 హెర్ట్జ్‌ల దిగువన ధ్వని పీడనం సహజంగానే పెరుగుతుంది. పెద్ద హాలులో చప్పగా ఉండే సబ్‌వూఫర్ కారులో గంభీరంగా వినబడడానికి కారణమిదే. కొందరు అవసరానికి మించిన వాట్లు కొనడానికి ఈ సంగతి తెలియకపోవడం కూడా ఒక కారణం.

ఏ వాట్లను లెక్కలోకి తీసుకోవాలి

సామర్థ్యాన్ని రెండు విధాలుగా ప్రకటిస్తారు. శిఖర సామర్థ్యం అనేది క్షణకాలం మాత్రమే సాధ్యమయ్యే, లేదా సాధ్యమవుతుందని తయారీదారు చెప్పుకునే అంకె. రెండవది నిరంతర సామర్థ్యం. దీనిని వ్యాపార పరిభాషలో ఆర్.ఎం.ఎస్. వాట్లు అంటారు. వర్గ మధ్యమ మూలం అనే గణిత భావన నిజానికి వోల్టేజికి, విద్యుత్ ప్రవాహానికి సంబంధించినది. వాటితో లెక్కగట్టిన సామర్థ్యం సగటు సామర్థ్యం అవుతుంది. పేరు శాస్త్రీయంగా సరైనది కాకపోయినా స్థిరపడిపోయింది కనుక ఈ వ్యాసంలోనూ అదే వాడబడింది. జోడింపుకు పనికివచ్చేది ఈ అంకె ఒక్కటే.

పెద్ద అంకెలు ఎలా పుడతాయో చెప్పడానికి కారు స్టీరియో మంచి ఉదాహరణ. స్టీరియో మీద తరచుగా 50 వాట్లు × 4 అని రాసి ఉంటుంది. స్టీరియో లోపలి యాంప్లిఫయర్‌కు కారు ఇచ్చే 14.4 వోల్టులు తప్ప వేరే వనరు లేదు. అందులోని నష్టాలన్నిటినీ వదిలేసి, శిఖరం పూర్తిగా 14.4 వోల్టులు గల సైను తరంగం 4 ఓముల స్పీకరుకు చేరిందనుకుందాం. శిఖర వోల్టేజి వర్గాన్ని ఇంపెడెన్స్‌కు రెట్టింపుతో భాగించాలి: 14.4 × 14.4 ÷ 8 = 25.9 వాట్లు. ఆచరణలో వచ్చేది ఇంకా తక్కువ, సుమారు 20 వాట్లు. మరి 50 ఎక్కడిది? తరంగం పూర్తిగా నరికివేయబడి చతురస్రంగా మారితే సామర్థ్యం సరిగ్గా రెట్టింపై 51.8 వాట్లు అవుతుంది. అంటే అది సంగీతం వినలేని స్థితిలో వచ్చే సామర్థ్యం. అబద్ధం అనడానికి వీలు లేదు, ఉపయోగమూ లేదు.

విడి యాంప్లిఫయర్‌లో ఈ పరిమితి ఉండదు. 12 వోల్టుల సరఫరాను ఎక్కువ వోల్టేజికి పెంచే పరివర్తకం దాని లోపలే ఉంటుంది. అయినా అది శక్తిని సృష్టించలేదు కదా. కనుక దాని మీద ఉన్న ఫ్యూజు చూసి అసలు సామర్థ్యాన్ని అంచనా కట్టవచ్చును. 2000 వాట్లు అని రాసిన యాంప్లిఫయర్‌కు ఒకే ఒక 30 ఆంపియర్ల ఫ్యూజు ఉన్నదనుకుందాం. 13.8 వోల్టుల వద్ద ఎడతెగకుండా లోపలికి పోగలిగినది 30 × 13.8 = 414 వాట్లు. క్లాస్ డీ రకమైతే దక్షత సుమారు 80 శాతం కనుక బయటికి వచ్చేది 330 వాట్ల ప్రాంతం. క్లాస్ ఏబీ రకమైతే దక్షత 50–60 శాతమే కనుక 200 నుండి 250 వాట్లు. ఫ్యూజు కొద్ది క్షణాలు ఇంకాస్త ఎక్కువ ప్రవాహాన్ని ఓర్చుకుంటుంది కనుక ఇది కచ్చితమైన కొలత కాదు. అయినా దుకాణంలో నిలబడి అర నిమిషంలో చేయగల ఈ లెక్క కొనుగోలుదారుకు చాలా మేలు చేస్తుంది.

వాట్లకు, చెవికి ఉన్న సంబంధం కూడా తెలుసుకోవాలి. సామర్థ్యం రెట్టింపయితే ధ్వని స్థాయి 3 డెసిబెల్‌లు మాత్రమే పెరుగుతుంది. శబ్దం రెండింతలైనట్లు అనిపించాలంటే సుమారు పది రెట్ల వాట్లు కావాలి. 250 వాట్ల బదులు 300 వాట్ల యాంప్లిఫయర్ కొంటే తేడా 0.8 డెసిబెల్. అది దాదాపు తెలియదు. మరోవైపు, సున్నితత్వం 86 డెసిబెల్‌లు గల సబ్‌వూఫర్‌కు బదులు 89 డెసిబెల్‌లు గలది ఎంచుకుంటే వాట్లు రెట్టింపు చేసినంత ఫలితం ఉచితంగా వచ్చినట్లే.

ఇంపెడెన్స్

ఏకాంతర విద్యుత్తుకు స్పీకరు చూపే మొత్తం అడ్డంకిని ఇంపెడెన్స్ లేదా అవరోధం అంటారు. దీని ప్రమాణం ఓము. కాగితం మీద 4 ఓములు అని ఉన్నది నామమాత్రపు విలువ. మల్టీమీటరుతో కాయిల్ నిరోధాన్ని కొలిస్తే 3.2 నుండి 3.6 ఓములు చూపవచ్చును. అందులో లోపమేమీ లేదు, సబ్‌వూఫర్ మంచిదే. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఇంపెడెన్స్ నామమాత్రపు విలువలో 80 శాతం కంటే తగ్గకూడదు. అనునాద పౌనఃపున్యం దగ్గర ఇదే ఇంపెడెన్స్ 20 ఓములు కూడా దాటవచ్చును. కాయిల్ వేడెక్కినప్పుడు కూడా నిరోధం పెరుగుతుంది: రాగి నిరోధం డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 0.39 శాతం పెరుగుతుంది కనుక 180 డిగ్రీల వేడి పెరిగిన కాయిల్ నిరోధం 70 శాతం ఎక్కువవుతుంది. చాలాసేపు గట్టిగా పాడిన తరువాత మంద్ర ధ్వని పలుచబడినట్లు అనిపించడానికి ఇదొక కారణం. అప్పుడు శబ్దం పెంచడం వేడిని ఇంకా పెంచడమే.

ఒకే వోల్టేజి వద్ద ఇంపెడెన్స్ సగమైతే ప్రవాహం రెట్టింపవుతుంది, సామర్థ్యమూ రెట్టింపవుతుంది. అందుకే యాంప్లిఫయర్ కాగితంలో ఒక్కొక్క ఇంపెడెన్స్‌కు ఒక్కొక్క అంకె ఉంటుంది, ఉదాహరణకు 4 ఓముల వద్ద 300 వాట్లు, 2 ఓముల వద్ద 500 వాట్లు. లోపలి సరఫరా అంత ప్రవాహాన్ని పూర్తిగా అందించలేదు కనుక రెండవ అంకె 600 కాకుండా 500 వద్ద ఆగింది. ప్రతి యాంప్లిఫయర్‌కు ఒక కనిష్ఠ ఇంపెడెన్స్ ఉంటుంది. దాని కంటే తక్కువ భారం తగిలిస్తే లోపలి ట్రాన్సిస్టర్లు భరించలేని ప్రవాహం పోతుంది. మంచి యాంప్లిఫయర్ అయితే రక్షణ వలయం పనిచేసి ఆగిపోతుంది, చవకరకమైతే కాలిపోతుంది. ఎక్కువ ఇంపెడెన్స్ తగిలించడం వలన ప్రమాదం లేదు, సామర్థ్యం తగ్గుతుంది అంతే.

కాయిళ్ళను కలపడం

చాలా సబ్‌వూఫర్లలో ఒకే కోన్ వెనుక రెండు కాయిళ్ళు ఉంటాయి. వీటిని జంట వాయిస్ కాయిల్ సబ్‌వూఫర్లు అంటారు. రెండు కాయిళ్ళ వలన ధ్వని మెరుగుపడుతుందని కొందరు నమ్ముతారు గాని, అసలు ప్రయోజనం తీగలు కలపడంలో వచ్చే వెసులుబాటే. శ్రేణి సంధానంలో ఇంపెడెన్స్‌లు కూడుకుంటాయి. సమాంతర సంధానంలో రెండు సమాన ఇంపెడెన్స్‌లు సగమవుతాయి. ఆ విధంగా 4 + 4 ఓముల సబ్‌వూఫర్ శ్రేణిలో 8 ఓములుగా, సమాంతరంగా 2 ఓములుగా పనిచేస్తుంది. 2 + 2 ఓములది శ్రేణిలో 4, సమాంతరంగా 1 ఓము. ఒక కాయిల్‌కు మాత్రమే తీగలు కలిపి రెండవదానిని వదిలేస్తే 4 ఓములు వస్తుంది గదా అని కొందరు అలాగే చేస్తారు. అప్పుడు వేడంతా ఒకే కాయిల్ మీద పడి, భరించగల సామర్థ్యం దాదాపు సగానికి పడిపోతుంది.

రెండు కాయిళ్ళకూ ధన, ఋణ అగ్రాలు సరిగా కలపాలి. ఒకటి తిరగబడితే రెండు కాయిళ్ళూ ఒకదానినొకటి ఎదిరించి కోన్ దాదాపు కదలదు, వేడి మాత్రం పుడుతూనే ఉంటుంది. విడివిడిగా రెండు సబ్‌వూఫర్లు ఉన్న చోట ఒకటి తిరగబడితే మంద్ర ధ్వని మాయమవుతుంది. వినడానికి ఏదో లోటుగా ఉండి కారణం తెలియనప్పుడు మొదట చూడవలసినది ఇదే.

రెండు చానళ్ళ యాంప్లిఫయర్‌ను బ్రిడ్జి చేసి ఒకే సబ్‌వూఫర్‌కు వాడవచ్చును. అప్పుడు ఒక చానల్ తోస్తుంటే ఇంకొకటి లాగుతుంది. ప్రతి చానల్‌కూ కనబడేది సబ్‌వూఫర్ ఇంపెడెన్స్‌లో సగమే. కనుక ఒక్కొక్క చానల్ 2 ఓముల వరకు తట్టుకోగలిగితే బ్రిడ్జిలో కనిష్ఠం 4 ఓములు. 2 ఓముల వద్ద చానల్‌కు 110 వాట్లు ఇచ్చే యాంప్లిఫయర్ బ్రిడ్జిలో 4 ఓముల సబ్‌వూఫర్‌కు 220 వాట్లు ఇస్తుంది. దానికే 2 ఓముల సబ్‌వూఫర్ తగిలిస్తే ఒక్కొక్క చానల్‌కు 1 ఓము కనబడుతుంది. బ్రిడ్జి చేసిన యాంప్లిఫయర్లు కాలిపోయిన చోట చాలాసార్లు జరిగేది ఇదే.

ఒక ఉదాహరణ

12 అంగుళాల సబ్‌వూఫర్ ఒకటి 300 ఆర్.ఎం.ఎస్. వాట్లు భరిస్తుందనుకుందాం. పైన చెప్పిన యాంప్లిఫయర్ 4 ఓముల వద్ద 300, 2 ఓముల వద్ద 500 వాట్లు ఇస్తుంది. సబ్‌వూఫర్ 4 + 4 రకమైతే రెండు దారులున్నాయి. శ్రేణిలో 8 ఓములు కనుక సుమారు 150 వాట్లు మాత్రమే వస్తాయి. నష్టం 3 డెసిబెల్‌లు, ప్రమాదం లేదు. సమాంతరంగా 2 ఓములు కనుక 500 వాట్ల వరకు రాగలదు. గెయిన్ తగ్గించి 300 దగ్గర ఆపితే చక్కగా పనిచేస్తుంది గాని, ఆ తరువాత కారు ఎవరి చేతిలో ఉంటుందో, ఆ మరను ఎవరు తిప్పుతారో చెప్పలేం. అదే సబ్‌వూఫర్‌ను 2 + 2 రకంలో కొని శ్రేణిలో కలిపితే 4 ఓములు, 300 వాట్లు సరిగ్గా కుదురుతాయి. ధరలో సాధారణంగా తేడా ఉండదు. అంటే యాంప్లిఫయర్ ముందే చేతిలో ఉన్నవారు సబ్‌వూఫర్ కొనేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న కాయిల్ ఎన్ని ఓములు అన్నదే. దుకాణాల్లో ఎక్కువగా వినబడే ప్రశ్న మాత్రం ఎన్ని వాట్లు అన్నది.

తరువాత అదే రకానిది రెండవ సబ్‌వూఫర్ చేరిస్తే 4 ఓముల చొప్పున రెండు సమాంతరంగా కలిసి 2 ఓములవుతాయి. 500 వాట్లు చెరి 250గా పంచుకుంటాయి. అదే యాంప్లిఫయర్ ఇంకా పరిమితిలోనే ఉంటుంది.

గెయిన్, తరంగం నరకబడడం

యాంప్లిఫయర్ మీద ఉండే గెయిన్ మరను చాలామంది శబ్దం పెంచే మరగా భావిస్తారు. అది నిజానికి స్టీరియో నుండి వచ్చే సంకేతం వోల్టేజికి యాంప్లిఫయర్‌ను అనుగుణం చేసే మర. స్టీరియో ఇచ్చేది 4 వోల్టుల వరకు ఉంటే గెయిన్ తక్కువగా, అర వోల్టే ఉంటే ఎక్కువగా ఉంచాలి. గెయిన్ ఎంత తిప్పినా యాంప్లిఫయర్ గరిష్ఠ సామర్థ్యం పెరగదు. ఆ గరిష్ఠానికి ముందుగానే చేరుకుంటుంది, అంతే. అక్కడి నుండి తరంగాల తలలు నరకబడతాయి. దీనినే క్లిప్పింగ్ అంటారు.

ఇక్కడ ఒక అపోహను ప్రస్తావించాలి. తక్కువ వాట్ల యాంప్లిఫయర్ సబ్‌వూఫర్‌ను కాలుస్తుందనీ, క్లిప్పింగ్ జరిగినప్పుడు ఏకముఖ విద్యుత్తు కాయిల్‌లోకి పోతుందనీ విస్తృతంగా ప్రచారంలో ఉన్నది. నరకబడిన తరంగం పైకీ కిందికీ సమానంగానే ఊగుతుంది కనుక అందులో ఏకముఖ విద్యుత్తు ఉండదు. కాయిల్‌ను కాల్చేది సగటు సామర్థ్యం. 300 వాట్ల యాంప్లిఫయర్‌ను పూర్తిగా చతురస్ర తరంగం దాకా నెడితే దాదాపు 600 వాట్లు బయటికి వస్తాయి, అదీ విరామం లేకుండా. మామూలు సంగీతంలో దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీలో కాయిల్ చల్లబడుతుంది. నరకబడిన సంగీతంలో ఆ ఖాళీలు కూడా నిండిపోతాయి. కాబట్టి 100 వాట్ల యాంప్లిఫయర్‌ను 300 వాట్ల సబ్‌వూఫర్‌కు వాడితే సబ్‌వూఫర్‌కు ప్రమాదమేమీ లేదు. ఎంత నరికినా 200 వాట్లు దాటదు. 300 వాట్ల సబ్‌వూఫర్‌కు 250 వాట్ల యాంప్లిఫయర్ వాడి, చాలడం లేదని గెయిన్, బేస్ బూస్ట్ రెండూ చివరిదాకా తిప్పినప్పుడే కాయిల్ కాలిన వాసన వస్తుంది. సబ్‌వూఫర్ భరించగల సామర్థ్యంలో 75 నుండి 125 శాతం మధ్య ఇచ్చే యాంప్లిఫయర్ మంచి ఎంపిక అనీ, కొంచెం ఎక్కువ వాట్లున్న యాంప్లిఫయర్‌ను అదుపులో వాడడం, తక్కువ వాట్లదానిని చివరిదాకా తోయడం కంటే మేలనీ చెప్పడానికి ఆధారం ఇదే.

గెయిన్ సరిచేయడానికి మల్టీమీటరు చాలు. కావలసిన వాట్లను ఓములతో గుణించి వర్గమూలం కడితే యాంప్లిఫయర్ చివర ఉండవలసిన వోల్టేజి వస్తుంది. 300 వాట్లు, 4 ఓములు అయితే 1200 వర్గమూలం, అనగా 34.6 వోల్టులు. సబ్‌వూఫర్ తీగలు విప్పి, బేస్ బూస్ట్, ఈక్వలైజరు తీసివేసి, స్టీరియో శబ్దాన్ని మూడు వంతుల దగ్గర ఉంచి, 50 హెర్ట్జ్‌ల సైను తరంగాన్ని వాయించాలి. మల్టీమీటరును ఏకాంతర వోల్టేజి మీద ఉంచి, 34.6 చూపేవరకు గెయిన్ పెంచి ఆపాలి. చవక మల్టీమీటర్లు కూడా 50 హెర్ట్జ్‌ల వద్ద బాగానే చూపుతాయి, ఎందుకంటే మన ఇళ్ళకు వచ్చే విద్యుత్తు పౌనఃపున్యం అదే. భారం లేకుండా తీసిన ఈ కొలత తరంగం నరకబడలేదని రుజువు చేయదు. ఆ సంగతి చూపగలిగేది ఆసిలోస్కోపు.

పెట్టె ప్రభావం

భరించగల వాట్లు అనే అంకె కాయిల్ వేడికి సంబంధించినది. కోన్ ఎంత దూరం కదలగలదన్నది వేరే పరిమితి, అది పెట్టె మీద ఆధారపడుతుంది. మూసిన పెట్టెలో లోపలి గాలి కోన్‌ను వెనక్కి లాగి పట్టుకుంటుంది. 12 అంగుళాల సబ్‌వూఫర్లకు సాధారణంగా 28 నుండి 35 లీటర్ల మూసిన పెట్టె సూచిస్తారు. గొట్టం గల పెట్టె అదే వాట్లకు ఎక్కువ ధ్వని ఇస్తుంది గాని, గొట్టం శ్రుతి పౌనఃపున్యానికి దిగువన కోన్‌కు పట్టు తప్పుతుంది. అప్పుడు అనుమతించిన వాట్లలో సగానికే కోన్ హద్దు దాటి కొట్టుకోవచ్చును. అందువలన గొట్టం గల పెట్టెకు 25 లేదా 30 హెర్ట్జ్‌ల దిగువ ధ్వనులను ఆపే సబ్‌సోనిక్ ఫిల్టరు ఉన్న యాంప్లిఫయర్ తప్పనిసరి. పెట్టె లేకుండా సబ్‌వూఫర్‌ను వెనుక పలక మీద బిగించడం కూడా కనబడుతుంది. డిక్కీ చోటు పూర్తిగా విడిపోయి ఉన్న కార్లలో, అందుకోసమే తయారైన సబ్‌వూఫర్లకు తప్ప ఇది పనికిరాదు.

విద్యుత్ సరఫరా, తీగలు, ఫ్యూజు

300 వాట్లు ఇచ్చే క్లాస్ డీ యాంప్లిఫయర్ 80 శాతం దక్షతతో 375 వాట్లు తీసుకుంటుంది. 13.8 వోల్టుల వద్ద అది 27 ఆంపియర్లు. క్లాస్ ఏబీ అయితే 40 ఆంపియర్ల వరకు పోతుంది. 1000 వాట్ల క్లాస్ డీకి 90 ఆంపియర్లు కావాలి. చిన్న కార్ల ఆల్టర్నేటర్లు చాలా వరకు వంద ఆంపియర్ల లోపువే, అందులోనే దీపాలు, ఏసీ పంకా, ఇంజను అవసరాలు తీరాలి. సంగీతంలో సగటు వినియోగం శిఖరం కంటే చాలా తక్కువ కనుక 300 వాట్ల వరకు సాధారణంగా ఇబ్బంది రాదు. ప్రతి దెబ్బకూ హెడ్‌లైట్లు మసకబారుతున్నాయంటే సరఫరా చాలడం లేదని అర్థం. ఎలక్ట్రిక్ కార్లలో ఆల్టర్నేటరు ఉండదు. వాటిలో 12 వోల్టుల బ్యాటరీని పెద్ద బ్యాటరీ నుండి ఒక పరివర్తకం ఛార్జి చేస్తుంది కనుక ఎంత ప్రవాహం తీసుకోవచ్చునో దాని పరిమితిని బట్టి నిర్ణయించుకోవాలి.

తీగ మందం మీద నిర్లక్ష్యం ఎక్కువ. బ్యాటరీ నుండి డిక్కీ దాకా 5 మీటర్ల తీగ పడుతుందనుకుందాం. ఇంటి ప్లగ్గులకు వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేస్తే 27 ఆంపియర్ల వద్ద దానిలోనే 0.93 వోల్టు నష్టపోయి, 25 వాట్లు తీగలో వేడిగా మారుతాయి. అది తివాచీ కింద, ప్లాస్టిక్ పలకల వెనుక పుట్టే వేడి. 10 చదరపు మిల్లీమీటర్ల తీగ అయితే నష్టం 0.23 వోల్టు మాత్రమే. చవక కిట్లలో రాగి పూత వేసిన అల్యూమినియం తీగ వస్తుంది. దాని నిరోధం రాగికి ఒకటిన్నర రెట్లకు పైగా ఉంటుంది కనుక అంతే ఎక్కువ మందం కావాలి. పైన ఉండే రంగుల ప్లాస్టిక్ తొడుగు మందాన్ని చూసి మోసపోకూడదు, లోపలి లోహాన్ని చూడాలి.

ఫ్యూజు యాంప్లిఫయర్‌ను కాపాడడానికి కాదు, తీగను కాపాడడానికి. కనుక అది యాంప్లిఫయర్ దగ్గర ఉన్నా లేకపోయినా బ్యాటరీ దగ్గర మాత్రం ఉండి తీరాలి. బ్యాటరీ నుండి 45 సెంటీమీటర్ల లోపు ఉండాలన్నది ప్రసిద్ధమైన నియమం. ఇంజను గదికీ కారు లోపలికీ మధ్య ఉన్న ఇనుప గోడలోని రంధ్రం గుండా తీగ పోతుంది. రబ్బరు వలయం లేకపోతే ఆ అంచు కొన్ని నెలల కంపనానికి తొడుగును కోసివేసి, తీగ నేరుగా కారు లోహానికి తగులుతుంది. సీసపు బ్యాటరీ అటువంటప్పుడు వందల ఆంపియర్లు ఇస్తుంది. ఫ్యూజు దగ్గరలో ఉంటే అది తెగుతుంది. డిక్కీలో ఉంటే దానికి ఈ సంగతే తెలియదు, తీగ ఎర్రబడి అంటుకుంటుంది. ఋణ తీగ కూడా అంతే మందంగా ఉండాలి, రంగు గీకిన లోహానికి బిగించాలి. సంకేతం తీసుకుపోయే తీగలను సరఫరా తీగకు దూరంగా, కారుకు రెండవ వైపు నుండి వేస్తే ఇంజను వేగంతో పాటు పెరిగే గీర ధ్వని రాదు.

చెవులు, ఇరుగుపొరుగు

అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సిఫారసు ప్రకారం 85 డెసిబెల్‌లను రోజుకు 8 గంటలకు మించి వినకూడదు. ప్రతి 3 డెసిబెల్‌లకూ ఈ సమయం సగమవుతుంది. 100 డెసిబెల్‌ల వద్ద 15 నిమిషాలే మిగులుతుంది. మూసిన కారులో ఈ స్థాయి చేరుకోవడం కష్టమేమీ కాదు. భారతదేశంలో 2000 సంవత్సరపు ధ్వని కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55, రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు 45 డెసిబెల్‌లు. ఈ కొలతలు ఏ–భారిత డెసిబెల్‌లలో ఉంటాయి. ఆ పద్ధతి 50 హెర్ట్జ్‌ల ధ్వనిని 30 డెసిబెల్‌లు తగ్గించి చూపుతుంది. గోడలూ కిటికీలూ అడ్డుకోలేనివి సరిగ్గా ఈ తక్కువ పౌనఃపున్యాలే కనుక, మీటరు మీద హద్దు దాటని కారు కూడా పక్కింటివారి కిటికీ అద్దాలను కదిలించగలదు.